ఇంజను విప్పేముందు: పడవ డీజిలు ఇంజన్ల మీద మీ ప్రశ్నలు

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ పడవలు ఒడ్డెక్కుతాయి, నాకు ఉత్తరాలూ అప్పుడే ఎక్కువ వస్తాయి. బరంపురంలో షెడ్డు పెట్టింది మొదలు గోపాల్‌పూర్, చిలకా, సోనాపూర్ వైపు పడవల ఇంజన్లే నా పని. ఈసారి ఉత్తరాలన్నీ చదివాక ఒక మాట ముందే చెప్పాలనిపించింది. వీటిలో ఎక్కువ భాగం ఇంజను విప్పకుండానే తీరే సమస్యలు. రావలసిన చోటికి నీళ్ళు రాకపోవడం, రాకూడని చోటికి రావడం, డీజిల్లో గాలి, ఊరికే పడి ఉండటం. పడవ ఇంజన్లు నడిచి అరిగిపోవడం కంటే వీటి వల్ల పాడవడమే నేను ఎక్కువ చూశాను. హెడ్ (సిలిండర్ల మీది మూత) దించే ఖర్చు పెట్టేముందు దయచేసి ఇవి చూసుకోండి.

ప్రశ్న: ఇంట్లోవాళ్ళం చిలకాలో తిరగడానికి నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజనున్న పడవ కొన్నాం. మెల్లగా పోతే వేడి 80 దగ్గరే ఉంటుంది. స్పీడు పెంచితే పది నిమిషాల్లో 95 దాటి బజర్ మోగుతోంది. హెడ్ గాస్కెట్ (హెడ్ కింద ఉండే పొర) పోయింది, హెడ్ దించాలి అంటున్నాడు మెకానిక్. దించమంటారా?
– ఒక పాఠకుడు, రంభ

ఇప్పుడే దించకండి. మీ ఇంజన్లో రెండు రకాల నీళ్ళు తిరుగుతాయి. కూలెంట్ కలిపిన మంచినీళ్ళు ఇంజను లోపలే తిరుగుతాయి. చిలకా నీళ్ళు పడవ అడుగునున్న వాల్వ్ గుండా వచ్చి, జాలీలో వడపడి, రబ్బరు ఇంపెల్లర్ ఉన్న పంపు దాటి హీట్ ఎక్స్‌ఛేంజర్లోకి పోతాయి. అక్కడ లోపలి నీళ్ళ వేడిని తీసుకుని పొగతో కలిసి బయటపడతాయి. మెల్లగా పోయినప్పుడు బాగానే ఉండి, స్పీడులోనే వేడెక్కుతోందంటే ముందు అనుమానించాల్సింది ఈ బయటి నీళ్ళనే. ఇంజను అడిగినంత అందడం లేదు.

ముందు పడవ వెనక్కి వెళ్ళి పొగ గొట్టం చూడండి. స్పీడు పెంచితే నీళ్ళు కూడా పెరగాలి. నీళ్ళు సన్నగా పడుతూ ఆవిరి ఎక్కువగా కనిపిస్తే దారి ఎక్కడో మూసుకుపోయింది. ఇంజను ఆపి, వాల్వ్ మూసి జాలీ తీయండి. మీ రంభ వైపు గడ్డి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. జాలీ శుభ్రంగానే ఉంటే వాల్వ్ పైనున్న హోస్ ఊడదీసి, బకెట్ పట్టి, వాల్వ్ ఒక్క క్షణం తెరవండి. నీళ్ళు బలంగా ఉబికి రావాలి. నీరసంగా వస్తే పడవ కింద గుల్లలో, ప్లాస్టిక్ సంచో అడ్డం పడి ఉంటుంది.

అదీ బాగుంటే పంపు. మూత స్క్రూలు తీయగానే నల్ల రబ్బరు చక్రం కనిపిస్తుంది, రెక్కలన్నీ ఒక పక్కకి వాలి. ఒక్కో రెక్కనీ వేలితో వెనక్కి వంచి మొదలు చూడండి. అక్కడ వెంట్రుకంత గీత కనిపించినా ఆ ఇంపెల్లర్ పని అయిపోయినట్టే. రెక్కలు ఊడిపోయి ఉంటే చాలామంది కొత్తది వేసి మూత బిగించేస్తారు. మరి ఊడిన ముక్కలు ఎక్కడికి పోయాయి? పంపు దాటాక వచ్చే మొదటి వంపులోనో, హీట్ ఎక్స్‌ఛేంజర్ నోట్లోనో ఇరుక్కుని ఉంటాయి. కొత్త ఇంపెల్లర్ వేసినా వేడి తగ్గలేదండీ అని వచ్చే పడవల్లో నాకు దొరికేవి అవే. హోస్ తీసి ముక్కలన్నీ ఏరండి. ఒక పేపరు పరిచి పాత చక్రం దాని మీద పెట్టి, ఊడిన రెక్కల స్థానాల్లో ముక్కల్ని పేర్చండి. చక్రం నిండేదాకా వెతకడం ఆపొద్దు.

కొత్త ఇంపెల్లర్‌కి సబ్బు నీళ్ళో గ్లిజరినో రాసి, పంపు తిరిగే వైపుకి తిప్పుతూ లోపలికి నెట్టండి. మామూలు గ్రీజు వద్దు, అది రబ్బరుని ఉబ్బిస్తుంది. మూత లోపలి పక్క వేలికి తగిలేంత గాడి పడి ఉంటే మూతని తిరగేసి బిగించవచ్చు, కాగితం గాస్కెట్ మాత్రం కొత్తది వేయండి. ఇంపెల్లర్‌ని పోయాక కాకుండా ఏడాదికోసారి మార్చెయ్యండి. పడవలో ఒకటి స్పేరు ఉండి తీరాలి.

ఇక మిగిలింది హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాలు. రెండు పక్కలా మూతలు తీస్తే టార్చి వెలుగు ఇటునుంచి అటు కనిపించాలి. సన్నని వెదురు పుల్లతో పొడిచి శుభ్రం చేయండి. ఇనుప తీగ పెట్టకండి, గొట్టాలు మెత్తని లోహం, గీరుకుపోతాయి. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక కూలెంట్‌కి దారి తెరిచే వాల్వ్) మీద అనుమానమైతే దాన్ని తీసి, థర్మామీటరు పెట్టిన గిన్నెలో నీళ్ళు కాచి చూడండి. దాని మీద ముద్రించిన అంకె దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి.

మరి గాస్కెట్ పోయిందని ఎలా తెలుస్తుంది? చల్లని ఇంజను స్టార్ట్ చేసిన కాసేపటికే కూలెంట్ ట్యాంకులో ఆగకుండా బుడగలు, హోసులు రాయిలా గట్టిపడటం, బయటెక్కడా కారకుండానే కూలెంట్ తగ్గడం, ఆయిల్ తెల్లబడటం. ఇవేవీ మీరు రాయలేదు. కూలెంట్ ట్యాంకు మూత మాత్రం ఇంజను చల్లారకుండా ఎప్పుడూ తీయకండి. కాలిన చేతులు చాలా చూశాను.

ప్రశ్న: ఇంజను స్టార్టవుతుంది, అయిదారు నిమిషాలు నడిచి ఆగిపోతుంది. ఎయిర్ తీస్తే (డీజిలు పైపుల్లో చేరిన గాలి వదిలేస్తే) మళ్ళీ నడుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఫిల్టర్లు రెండూ మార్చాను. డీజిల్ పంపు మార్చాలా?
– ఒక పాఠకుడు, డొంకూరు, ఇచ్ఛాపురం దగ్గర

సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్ళకి ఒత్తిడితో డీజిలు తోసేది డీజిల్ పంపు. దాని జోలికి పోకండి. అది ఇంజన్లో బాగా ఖరీదైన భాగాల్లో ఒకటి, సాధారణంగా చివర చెడేదీ అదే. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక క్యానులో శుభ్రమైన డీజిలు పోసి ఇంజను కంటే ఎత్తులో కట్టి, ట్యాంకు పైపు తీసేసి క్యాను నుంచి ఇవ్వండి. గంట సేపు ఆగకుండా నడిచిందంటే మీ ఇంజను నిక్షేపంలా ఉంది, గొడవంతా ట్యాంకుకీ లిఫ్ట్ పంపుకీ (ట్యాంకు నుంచి డీజిలు లాగే చిన్న పంపు) మధ్యనే.

ఆ మధ్య దారిలో డీజిలు కారదు, గాలిని పీలుస్తుంది. అందుకే తడి కనిపించక కనిపెట్టడం కష్టం. పైపు జాయింట్ల దగ్గర పాత రాగి వాషర్లు మళ్ళీ వాడారేమో చూడండి. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు పైన అంటుకుని ఉండగానే కొత్తది వేస్తే గాలి లాగడం ఖాయం. వాటర్ సెపరేటర్ (డీజిల్లోంచి నీళ్ళు వేరుచేసేది) గిన్నె కింద మరలోంచి కూడా గాలి లోపలికి పోతుంది.

ట్యాంకు గాలి గొట్టం చూశారా? దాని నోట్లో కందిరీగ గూడు కట్టినా, ఉప్పు పేరుకున్నా, డీజిలు తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గి ఇంజను ఆగిపోతుంది. మూత తెరవగానే 'ఉస్' మని శబ్దం వస్తే కారణం అదే. మూడోది ట్యాంకు అడుగు. డీజిలు అడుగున నీళ్ళు చేరితే ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు పాకర కడుతుంది. ఇంజను లాగినప్పుడు ఆ పాకర పైపు నోటికి అంటుకుంటుంది, ఆగాక జారిపోతుంది. మీరు ఎయిర్ తీయడం వల్ల బాగైందనుకుంటారు. ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి డీజిలు దించి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరుపడిన నీళ్ళు, నల్లటి తునకలు కంటికే కనిపిస్తాయి. అప్పుడు ట్యాంకు ఖాళీ చేసి కడగడం తప్ప మందు లేదు.

ఎయిర్ తీసే వరస కూడా చెబుతాను. ముందు ఫిల్టర్ పైన మర వదులు చేసి లిఫ్ట్ పంపు చేతి మీట కొట్టండి. నురగ పోయి డీజిలు తేటగా వచ్చాక బిగించండి. తర్వాత డీజిల్ పంపు దగ్గర అదే పని. మీట వదులుగా ఆడుతూ ఏమీ రాకపోతే ఇంజనుని కొంచెం తిప్పి మళ్ళీ కొట్టండి. చివరికి నాజిల్ పైపుల నట్లు అరచుట్టు వదిలి సెల్ఫ్ కొట్టాలి. ఆ సమయంలో అక్కడ చెయ్యి పెట్టకండి. ఆ ఒత్తిడితో వచ్చే డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాటే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆలస్యమైతే వేలో చెయ్యో పోగొట్టుకోవాల్సి వస్తుంది.

ఇంకొకటి, ఇది మా కుర్రాళ్ళకి రోజూ చెప్పేదే. పొగతో పాటు నీళ్ళు బయటికి పోయే పడవైతే, స్టార్ట్ కాని ఇంజనుకి సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టేటప్పుడు అడుగు వాల్వ్ మూసేయండి. పంపు నీళ్ళు తోడుతూనే ఉంటుంది, వాటిని బయటికి తోసే పొగ ఉండదు. సైలెన్సర్ నిండి నీళ్ళు సిలిండర్లోకి ఎక్కుతాయి. స్టార్టయిన వెంటనే వాల్వ్ తెరవండి. సెల్ఫ్ కూడా ఒక్కసారికి పదిహేను సెకన్లు దాటనివ్వకండి, కాసేపు చల్లారనివ్వండి.

ప్రశ్న: మా నాన్నగారి లాంచీ ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. నెలరోజులుగా ఆయిల్ తగ్గకపోగా గేజి పుల్ల మీద పెరుగుతోంది. పెరిగితే మంచిదే కదా అని డ్రైవరు అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, బరంపురం

మీ టెన్షన్ సరైనదేనమ్మా. ఆయిల్ తనంతట తాను పెరగదు, ఏదో కలుస్తోంది. అదేమిటో తేలేదాకా ఇంజను నడపొద్దు. గేజి పుల్ల తీసి తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్ళు. రంగు నల్లగానే ఉండి, పల్చబడి, డీజిలు వాసన వస్తే డీజిలు.

డీజిలైతే ఎక్కువసార్లు లిఫ్ట్ పంపు లోపలి డయాఫ్రమ్ చిరిగి ఉంటుంది. పంపు మార్చి, ఆయిలూ ఫిల్టరూ మార్చితే సరి. నీళ్ళైతే ముందు బయటి నీళ్ళ పంపు దగ్గర కూర్చోండి. పంపు ఇంజనుకి కూర్చునే మెడ కింద చిన్న కన్నం ఉంటుంది. షాఫ్ట్ మీద రెండు సీళ్ళుంటాయి, ఒకటి నీళ్ళని ఆపడానికి, ఒకటి ఆయిల్‌ని ఆపడానికి. ఈ రెంటి మధ్యా ఉన్న ఆ కన్నం, సీలు చెడితే మనకి తెలియాలని పెట్టింది. అక్కడ ఉప్పు మరక, చుక్క నీరు కనిపిస్తే సీలు పోయింది. ఆ కన్నం పెయింటుతోనో మట్టితోనో మూసుకుపోతే నీళ్ళకి మిగిలిన దారి ఆయిల్లోకే. ఎవరో కారుతోందని ఎమ్‌సీల్ పెట్టి మూసేసిన పంపులు కూడా నా దగ్గరికి వచ్చాయి. దయచేసి అలా చేయనివ్వకండి. అక్కడ ఏమీ లేకపోతే అప్పుడు ఆయిల్ కూలర్, ఆ తర్వాతే హెడ్ గాస్కెట్. ఉప్పునీళ్ళు కలిసిన ఆయిల్ ఒక్క రాత్రి కూడా ఇంజన్లో ఉండకూడదు. కారణం తర్వాత వెతకొచ్చు, ఆయిల్ ఈ రోజే దించేయండి.

ప్రశ్న: గోపాల్‌పూర్ నుంచి రాస్తున్నాను. లారీ ఇంజను మెరైన్‌గా మార్చి పెట్టించుకున్నాను. లాగినప్పుడు నల్ల పొగ, పూర్తి స్పీడు అందడం లేదు. నాజిళ్ళు సర్వీసు చేయించినా తేడా లేదు.

నల్ల పొగంటే గాలికి మించిన డీజిలు. నీలం పొగైతే ఆయిల్ కాలుతోంది, తెల్ల పొగైతే డీజిలు కాలకుండా పోతోంది లేదా నీళ్ళు ఆవిరవుతున్నాయి. మీ నాజిళ్ళు బాగైనా పొగ తగ్గలేదు కాబట్టి పడవ కిందికి చూడండి. పంకా (ప్రొపెల్లర్) మీద గుల్లలు పట్టి ఉంటే ఇంజను బరువు మోయలేక పొగ కక్కుతుంది. ఇంజను గది తలుపులు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి నడపండి. తెరిస్తే పొగ తగ్గిందంటే గదికి గాలి కన్నాలు చాలవు. అడుగూ పంకా శుభ్రంగా ఉండి, గాలి సరిపోయి కూడా ఇంజను పూర్తి చుట్లు తిరగకపోతే మీకు వేసిన పంకాయే పెద్దది. పిచ్ (పంకా ఒక చుట్టుకి ముందుకు పోవాల్సిన దూరం) ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. లారీ ఇంజన్లు మార్చేటప్పుడు దొరికిన పంకా తగిలించేయడం మన దగ్గర ఎక్కువ. పెద్ద పంకా వేస్తే పడవ వేగంగా పోతుందన్నది తప్పు, ఇంజను ఆయుష్షు పోతుంది.

ప్రశ్న: చిత్రకొండ జలాశయంలో నా లాంచీ తిరుగుతుంది. రెండేళ్ళయినా జింకు కడ్డీ అరగలేదు. నాణ్యమైన జింకు అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మల్కాన్‌గిరి జిల్లా

అనుకోకండి. అరగడమే దాని పని. తాను తరిగిపోతూ మిగతా లోహాన్ని కాపాడాలి. మంచినీళ్ళలో జింకు మీద గట్టి పొర పట్టి పని చేయడం మానేస్తుంది. మీ సీలేరు నీళ్ళకి మెగ్నీషియం కడ్డీ కావాలి. అదే మెగ్నీషియం సముద్రంలో వేస్తే చూస్తుండగానే కరిగిపోతుంది, అందుకని గోపాల్‌పూర్ వాళ్ళు జింకుకో అల్యూమినియానికో కట్టుబడాలి. చిలకా పడవలకి నేను అల్యూమినియం కడ్డీలే వేస్తాను. అక్కడ ఉత్తరం వైపు మహానది పాయల మంచినీళ్ళు, సాతపడా వైపు సముద్రపు ఉప్పు, వానాకాలంలో ఒక రుచి, ఎండల్లో ఇంకొకటి. ఉప్పు తగ్గినా పెరిగినా పనిచేసేది అల్యూమినియమే. ఏ కడ్డీ అయినా సగం తరిగితే మార్చండి, మీద రంగు మాత్రం పూయకండి.

ప్రశ్న: గాలివానకి కట్టిన చోటే పడవ మునిగింది. రెండు రోజులకి పైకి తీశాం. ఇంజను ఉప్పునీళ్ళలోనే ఉంది. ఇక ఇనప సామాన్లకి వేసేయడమేనా?
– ఒక పాఠకుడు, సోనాపూర్

మీ ఉత్తరం అందగానే ఫోన్లో చెప్పాను, మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఆ రెండు తుఫానుల తర్వాత నేను చూసింది ఒక్కటే. ఎక్కువ రోజులు నీళ్ళలో ఉండి, తీసిన రోజే కడిగిన ఇంజన్లు మళ్ళీ నడిచాయి. త్వరగా తీసి, ఇన్సూరెన్సు వాళ్ళ కోసమో మెకానిక్ కోసమో ఒడ్డున వదిలేసినవి పట్టేశాయి. నీళ్ళ అడుగున ఇనుముకి గాలి తక్కువ. పైకి తీయగానే ఉప్పు, తడి, గాలి మూడూ కలుస్తాయి, తుప్పు గంటల్లో మొదలవుతుంది. ఆ రోజే పని మొదలుపెట్టలేకపోతే ఇంజనుని మంచినీళ్ళ తొట్టిలో ముంచి ఉంచడమే మేలు.

ముందు ఒక ప్రశ్న. మునిగేటప్పుడు ఇంజను నడుస్తోందా? నడుస్తూ నీళ్ళు మింగితే కనెక్టింగ్ రాడ్లు వంగి ఉండవచ్చు, అప్పుడు విప్పక తప్పదు. మీది కట్టేసి ఉండగా మునిగింది కాబట్టి ఆశ ఉంది. బయటంతా మంచినీళ్ళతో కడగండి. ఆయిల్ సంపు మర తీస్తే ముందు నీళ్ళు, తర్వాత ఆయిల్ వస్తాయి. నాజిళ్ళన్నీ తీసేసి, ముందున్న పెద్ద బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పండి. నాజిల్ కన్నాల్లోంచి నీళ్ళు చిమ్ముతాయి, మొహం పక్కకి పెట్టుకోండి. సెల్ఫ్ కొట్టాలని చూడకండి. నీళ్ళు పోయాక ప్రతి కన్నంలో డీజిలూ ఆయిలూ కలిపి పోసి మళ్ళీ తిప్పండి. సెల్ఫూ ఆల్టర్నేటరూ ఊడదీసి మంచినీళ్ళలో కడిగి ఆరబెట్టి ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి. డీజిలు ట్యాంకు, పైపులు, ఫిల్టర్లు అన్నీ ఖాళీ చేయాలి. గేరుబాక్సు ఆయిల్ చాలామంది మరిచిపోతారు.

తర్వాత చవక ఆయిల్ పోసి స్టార్ట్ చేసి, పది నిమిషాలు నడిపి, వేడిగా ఉండగానే దించండి. తెల్లగా వస్తుంది. మళ్ళీ పోయండి, మళ్ళీ దించండి. ఆయిల్ రంగు మారకుండా వచ్చేదాకా ఇదే. మూడు నాలుగు సార్లు పడుతుంది. ఆయిల్ ఖర్చు చూసి ఒకసారితో ఆపకండి, బేరింగుల ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోది కాదు. ఆఖరున మంచి ఆయిల్ పోసి, గేరు వేసి లోడు మీద గంట సేపు నడపండి.

ప్రశ్న: రుషికుల్య నోటి దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు వేట ఆపేస్తారు. మా పడవ ఆ ఏడు నెలలూ కట్టేసే ఉంటుంది. వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేస్తున్నాం. సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గంజాం

ఆ అయిదు నిమిషాలే చేటు చేస్తున్నాయి. అంతలో ఇంజను వేడెక్కదు. లోపల చేరిన చెమ్మ ఆయిల్లోనే ఉండిపోతుంది, మసి నాజిళ్ళకి పడుతుంది. నడిపితే పడవని తాళ్ళతో గట్టిగా కట్టి, గేరు వేసి అరగంటైనా నడపండి, లేదా పద్ధతిగా పండబెట్టండి.

పండబెట్టడమంటే ఇలా. ఆయిల్‌ని మే నెలలో కాకుండా ఆపేముందే, వేడిగా ఉండగా మార్చండి. వాడిన ఆయిల్లో చేరిన ఆమ్లం ఏడు నెలలూ బేరింగుల మీద కూర్చోకూడదు. అడుగు వాల్వ్ మూసి, జాలీ మూత తీసి, అందులోకి మంచినీళ్ళ పైపు వదిలి, నీళ్ళు తగ్గకుండా చూస్తూ ఇంజనుని మెల్లగా పది నిమిషాలు నడిపితే ఉప్పంతా కడుక్కుపోతుంది. ఇంజను ఆపాకే పైపు తీయండి. డీజిలు ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ ఎక్కువుంటే రాత్రి చల్లదనానికి చెమ్మ పట్టి నీళ్ళు చేరతాయి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి నెలకోసారి చార్జి పెట్టండి. ఏ లోడూ లేకుండా 12.4 వోల్టుల కంటే తగ్గనివ్వొద్దు. ఇంపెల్లర్ బయటికి తీసి నీడలో పెట్టండి, లేదంటే రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుంటాయి. గాలి నోటికీ పొగ గొట్టానికీ ఆయిల్ గుడ్డ కుక్కండి. రెండు వారాలకోసారి పానాతో ఇంజనుని రెండు చుట్లు చేత్తో తిప్పండి.

ఇవన్నీ చేశాక ఒక అట్టముక్క మీద 'అడుగు వాల్వ్ మూసి ఉంది, ఇంపెల్లర్ లేదు, గొట్టంలో గుడ్డ ఉంది' అని పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఒడియాలోనూ రాసి తాళంచెవికి కట్టండి. జూన్‌లో ఆ తాళం ఎవరు తిప్పుతారో ఇప్పుడు మీకు తెలియదు.